నొప్పి యను కావలివాడు: డాక్టరు పాల్ బ్రాండ్ గారి జీవిత చరిత్ర

ధ్యానమునకు: కీర్తన 139, యోహాను 13:1-17, 1 కొరింథీ 12:12-26



షుగరు వ్యాధి సోకని కుటుంబము నేడు మన సంఘములలో అరుదు. 2023వ సంవత్సరమున భారత వైద్య పరిశోధనా మండలి వారు ప్రకటించిన లెక్కప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి కలదు. వారిలో కొందరు మొదట కాలి బొటనవ్రేలిని, పిమ్మట పాదమును, తుదకు మోకాలి వరకు కాలిని పోగొట్టుకొనుట మన కన్నులతో చూచుచున్నాము. అట్టివారిని పరామర్శింప బోయినప్పుడు మనము చెప్పుకొను మాట యొకటే. షుగరు వచ్చిన దేహము గదా, మాంసము దానంతట అదే కుళ్లిపోవును, ఎవరేమి చేయగలరు అని నిట్టూర్చి, ప్రార్థించి ఇంటికి వచ్చుచున్నాము.

ఆ నిట్టూర్పు తప్పని తన జీవితమంతయు వెచ్చించి చూపిన వైద్యుడొకడు కలడు. ఆయన మన ప్రక్కనున్న తమిళ దేశమున పుట్టి, మన తెలుగు జనులు వైద్యమునకై రైలెక్కి పోవు వేలూరులో ఇరువది సంవత్సరములు పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు. ఆయన మొదట పాటుపడినది షుగరు రోగుల కొరకు కాదు, కుష్ఠురోగుల కొరకు. అయినను వారి చేతులయందును పాదములయందును ఆయన కనుగొనిన సత్యమే నేడు షుగరు రోగుల కాళ్లను కాపాడుచున్నది.

కొండలలో బాల్యము

పాల్ బ్రాండ్ 1914వ సంవత్సరము జులై 17వ తేదీన కొల్లిమలై కొండలలో జన్మించెను. ఆ కొండలు అప్పుడు సేలము జిల్లాలోనివి, ఇప్పుడు నామక్కల్ జిల్లాలోనివి. తండ్రి జెస్సీ బ్రాండ్ గారును తల్లి ఈవ్లిన్ గారును ఇంగ్లండునుండి వచ్చిన బాప్తిస్టు మిషనరీలు. చలిజ్వరమునకు వెరచి మైదానపు జనులు ఎక్కుటకు జంకు ఆ కొండలపై వారు కాపురముండి, బడులు పెట్టి, సేద్యమునకు సాయపడి, రోగులకు మందులిచ్చిరి. జెస్సీగారు పట్టాపొందిన వైద్యులు కారు. కొద్దికాలము నేర్చిన వైద్యముతోనే పండ్లు పీకుచు, గడ్డలు కోయుచు, నారికురుపు పురుగును పుల్లకు చుట్టి మెల్లగా బయటికి లాగుచుండిరి. బాలుడైన పాల్ ఇదంతయు ప్రక్కన నిలిచి చూచుచుండెను. చీమును నెత్తురును చూచి అతనికి రోతపుట్టెను. ఏమైనను తాను వైద్యుడను మాత్రము కానని ఆనాడే తీర్మానించుకొనెను.

ఒకనాడు కుష్ఠురోగులు కొందరు వారి ఇంటికి వచ్చిరి. పిల్లలను దూరముగా నుండుమని చెప్పి తండ్రి వారి పుండ్లకు కట్లుకట్టెను. వారు కూర్చుండిన చోట ఆడుకొనరాదని తరువాత పిల్లలకు ఆజ్ఞ యాయెను. తండ్రి ఎవరికిని అంతగా జాగ్రత్తపడుట పాల్ అంతకు ముందు చూడలేదు. ఆ భయము అతని మనస్సున చాలకాలము నిలిచెను.

1923లో తొమ్మిదేండ్ల పాల్‌ను చెల్లెలితో కూడ చదువునిమిత్తము ఇంగ్లండునకు పంపిరి. తండ్రిని అతడు మరల చూడలేదు. 1929లో జెస్సీగారు కొండలలోనే చలిజ్వరపు విషమస్థితిచేత మరణించిరి. ఆ వార్త తంతిద్వారా ముందు చేరెను. తండ్రి స్వహస్తముతో వ్రాసిన ఉత్తరములు మాత్రము ఓడలో మెల్లగా ప్రయాణముచేసి, మరణవార్త వచ్చిన తరువాత కొన్ని వారములవరకు కుమారునికి అందుచునే యుండెను. తల్లి మరల హిందూదేశమునకు వచ్చి, మిషనువారు విశ్రాంతి నిచ్చిన పిమ్మటకూడ కొండలను విడువక సేవచేసి, 1974లో 95 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించిరి.

తాపీపని నుండి శస్త్రచికిత్సకు

మిషనరీగా వెళ్లువానికి ఇల్లు కట్టుట తెలిసియుండవలెనని తలంచి పాల్ బడి విడిచి, కట్టుబడి పనిలో చేరెను. ఇటుకలు పేర్చుట, రాయి చెక్కుట, కొయ్యపని నాలుగైదేండ్లు నేర్చెను. తరువాత మిషనరీ శిక్షణలో భాగముగా కొద్దిపాటి వైద్యము నేర్చుకొనుచుండగా, ఒక రాత్రి ఆసుపత్రిలో నెత్తురంతయు పోయి శవమువలె పాలిపోయిన స్త్రీని చూచెను. ఆమెకు ఇతరుల రక్తమెక్కింపగా ఆమె పెదవులకు మరల రంగు వచ్చెను. చిన్ననాట తాను ఏవగించుకొనిన నెత్తురు ఆ రాత్రి అతనికి జీవముగా కనబడెను. అటుపిమ్మట లండను యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రిలో వైద్యవిద్య ముగించి, యుద్ధకాలమున బాంబులచేత గాయపడినవారికి చికిత్సచేసి, శస్త్రవైద్యుడాయెను. 1943లో తనతోడి విద్యార్థిని మార్గరెట్ బెర్రీ గారిని వివాహమాడెను. ఆమె పిమ్మట కుష్ఠురోగుల నేత్రవైద్యమునందు గొప్ప పనిచేసిరి.

1946లో డాక్టరు రాబర్టు కాక్రేను గారు పిలువగా బ్రాండ్ గారు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిరి. ఐడా స్కడ్డరు గారు స్థాపించిన ఆ సంస్థ అప్పుడు పెద్ద వైద్యకళాశాలగా ఎదుగుచుండెను. కాక్రేను గారు చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమమునకు అధికారులు. 1947లో బ్రాండ్ గారు దానిని చూడబోయిరి. ఆశ్రమమంతయు తిరుగుచు, వంకరపోయిన చేతులను, వ్రేళ్లులేని పాదములను చూచి, ఎముకల వైద్యులు వీరికేమి చేసిరని అడిగిరి. ఇంతవరకు ఒక్కరును చేయిపెట్టలేదని కాక్రేను గారు బదులుచెప్పిరి.

అంతట బ్రాండ్ గారు ఒక యువకుని ముడుచుకొనిపోయిన చేతిలో తన చేయినుంచి, గట్టిగా పట్టుకొనుమనిరి. ఆ చేతిలో సత్తువ ఉండదని తలచిరి. కాని అతని పట్టు ఇనుపపట్టువలె నుండి, వైద్యుడే నొప్పికి తాళలేక విడువుమని కేకవేయవలసి వచ్చెను. ఆ క్షణమందు ఆయనకు రెండు సంగతులు తోచెను. ఈ చేతిలో చచ్చిన కండలున్నను, మంచి కండలుకూడ మిగిలియున్నవి. రెండవది, తాను ఎంత నొప్పించుచున్నది ఈ మనుష్యునికి తెలియుటలేదు.

చచ్చినది నరము, మాంసము కాదు

కుష్ఠువు క్రిములు చర్మమునకు దగ్గరగా చల్లగానుండు చోటుల నరములలో చేరి వాటిని చెరచునని ఆయనయు తోటి వైద్యులును కనుగొనిరి. మోచేతి వద్ద నరము చెడగా చేతి చిన్నకండలు చచ్చి వ్రేళ్లు ముడుచుకొనును. ముంజేతిలోని మంచి కండ స్నాయువును త్రిప్పి వ్రేళ్లకు అతికించిన యెడల అవి మరల తెరచుకొనును. 1948 మొదలు ఈ శస్త్రచికిత్స వేలూరులో సాగెను. చేతులు బాగైన కొందరు తిరిగివచ్చి, మంచి చేతులవానికి ఎవరును బిచ్చము వేయరు, కుష్ఠు పేరు విని ఎవరును పని ఇయ్యరు, ఇప్పుడెట్లు బ్రతుకుదుమని వాపోయిరి. అప్పుడు బ్రాండ్ గారు వారికొరకు నవజీవన నిలయమను పేర గుడిసెలు కట్టించి, తాము యౌవనమున నేర్చిన కొయ్యపనిని వారికి నేర్పిరి.

అయినను ఒక చిక్కు మిగిలెను. బాగుచేసిన చేతులకే మరల పుండ్లు వచ్చుచుండెను, వ్రేళ్లు కురుచగుచుండెను. కుష్ఠుమాంసము దానంతట కుళ్లునని లోకమంతయు నమ్ముచుండెను, వైద్యులుకూడ నమ్మిరి. బ్రాండ్ గారు మాత్రము ప్రతివాని చేతిని కొలిచి, ప్రతి గాయమునకు కారణము విచారింప మొదలిడిరి.

ఒకనాడు త్రుప్పుపట్టిన తాళమొకటి ఎంత త్రిప్పినను ఆయనకు రాలేదు. అచ్చటి రోగులలో ఒక చిన్నవాడు ముందుకువచ్చి తాళముచెవిని సునాయాసముగా త్రిప్పివేసెను. ఇంత బలము ఈ బాలునికెక్కడిదని ఆశ్చర్యపడుచుండగా నేలపై నెత్తురు చుక్కలు కనబడెను. చెవి అంచు వానివ్రేలిని ఎముకవరకు కోసియుండెను. వానికి అది తెలియనే లేదు. మనమైనచో ఆ చెవి చర్మమును నొక్కగానే చేయి తీసికొందుము. వాని బలము బలము కాదు. ఆపుమని చెప్పు నొప్పి లేకపోవుటయే.

మరియొకనాడు ఒక ముసలివాడు మండుచున్న నిప్పులలో పడిన దుంపను వట్టిచేతితో తీసి యిచ్చుట ఆయన చూచిరి. కొందరికి రాత్రి పండుకొనునప్పుడున్న వ్రేలిముక్క తెల్లవారునప్పటికి లేకపోయెను. కాపలాయుండి చూడగా, నిద్రించువాని వ్రేలిని ఎలుక కొరుకుచుండెను, వాడు కదలలేదు. అటుపిమ్మట అచ్చట రోగికొక పిల్లి నిచ్చిరి. ఇట్లు ఒక్కొక్క గాయమును వెదకగా, దానంతట కుళ్లినది ఏదియు లేదని తేలెను. ప్రతి పుండునకును ఒక మేకో, మంటయో, బిగువైన చెప్పో, ఎక్కువ నడకయో కారణము. ఆ కారణమును తొలగించి, పిండికట్టు వేసి కాలికి విశ్రాంతి నిచ్చినచో, ఆ మాంసము అందరి మాంసమువలెనే మానెను. నడకభారము పాదమంతట సమముగా పడుటకై మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు చేయించిరి. నేడు షుగరు రోగులకు వైద్యులు వ్రాయించు ఎం.సి.ఆర్. చెప్పులు ఆ కుష్ఠురోగుల చెప్పుల సంతతియే.

గుండుసూది రాత్రి

నొప్పి విలువ ఆయనకు పుస్తకములవలన మాత్రమే తెలిసినది కాదు. ఒకసారి అమెరికా పర్యటన ముగించి ఓడలో ఇంగ్లండు చేరి, రైలులో చాలసేపు కూర్చుండి లండనుకు వచ్చిరి. రాత్రి బస చేరి మేజోడు విప్పుచుండగా మడమకు స్పర్శ లేనట్లు తోచెను. గుండుసూది తీసి గ్రుచ్చుకొనిరి. నొప్పిలేదు. మరింత లోతుగా గ్రుచ్చిరి. నెత్తురు వచ్చెను గాని నొప్పి రాలేదు. అన్ని యేండ్లు కుష్ఠురోగుల మధ్య తిరిగిన తనకు ఆ వ్యాధి అంటినదని నిశ్చయించుకొని, ఆ రాత్రి నిద్రలేక గడపిరి. భార్యాబిడ్డలకు దూరము కావలెను. తనకే ఇట్లయిన యెడల తన మాట నమ్మి ఈ పనిలో చేరిన యువవైద్యులేమగుదురు అని పరితపించిరి.

తెల్లవారగానే చావుకు సిద్ధపడినవానివలె మరల సూది తీసి గ్రుచ్చిరి. నొప్పి కలిగి కేకవేసిరి. రైలులో కదలక కూర్చుండుటచే నరమొకటి నొక్కుకొని తిమ్మిరి పట్టినది, అంతే. ఆ ఉదయమున సూదిపోటు ఆయనకు వీణానాదము కంటె మధురమాయెను. నాటినుండి చేయి తెగినను, కాలు మడతపడినను, నొప్పి కొరకు దేవునికి స్తోత్రము చెల్లించుట అలవాటు చేసికొనిరి. తాము కుష్ఠురోగులకు తిరిగి యియ్యగల వరమేదైన నున్నచో అది నొప్పియేయని అనుచుండిరి.

కార్విల్ ఆసుపత్రిలో

1960లో లాస్కరు బహుమానమును, 1961లో బ్రిటిషు ప్రభుత్వపు బిరుదును ఆయనకు కలిగెను. 1966లో అమెరికాలోని లూయిసియానా రాష్ట్రమున మిసిసిపీ నదీతీరమందున్న కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి, ఇరువది సంవత్సరములు పనిచేసిరి. స్పర్శలేని పాదము ఎట్లు చెడునో అక్కడ శ్రద్ధగా పరిశోధించిరి.

ఆయన తేల్చిన సంగతులు మనమందరము నేర్వదగినవి. గాయము ముఖ్యముగా మూడు విధములుగా వచ్చును. మొదటిది మేకు, గాజుపెంకు, నిప్పు వంటివాటివలన ఒక్కసారిగా కలుగు గాయము. రెండవది బిగువైన బూటు గంటల తరబడి నొక్కుటవలన రక్తము ఆడక చర్మము చచ్చుట. మూడవది అందరును మరచునది. సామాన్యమైన నడకయే వేలసార్లు ఒకేచోట పడుటవలన కలుగు వాపు. మనము దూరము నడచినప్పుడు పాదములో ఒకచోట కందగానే, మనకు తెలియకయే అడుగు మార్చి భారమును మరియొకచోట మోపుదుము. నొప్పి చేయు ఈ ఉపకారమును మనము గుర్తింపము. స్పర్శలేనివాడు మొదటి అడుగు ఎట్లు వేసెనో చివరి అడుగును అట్లే వేయును. కందినచోట వేడి పుట్టి, లోపల బొబ్బయెక్కి, తుదకు పగిలి పుండగును. ఆ పుండుమీదనే నడచినచో చీము ఎముకకు దిగును. కాబట్టి కన్ను కనిపెట్టక మునుపే వేడిచేత చెడుచోటును గుర్తించు పద్ధతిని ఆయన నేర్పిరి.

నొప్పికి బదులుగా యంత్రమునుకూడ ఆయన నిర్మింపజూచిరి. చేతితొడుగులలోను మేజోళ్లలోను ఒత్తిడిని పసికట్టు సాధనములు కుట్టి, అపాయమైనప్పుడు చెవిలో శబ్దము కలుగునట్లు చేసిరి. రోగులు శబ్దమును విని లక్ష్యపెట్టలేదు. అప్పుడు దేహమునకు విద్యుత్తు పోటు తగులునట్లు మార్చిరి. ఆ పోటునకు వారు భయపడిరి గాని, పని పూర్తిచేయవలెనన్నప్పుడు మీట నొక్కి యంత్రమును ఆపివేసి, ఆ పని చేసికొని, మరల మీట వేసికొనిరి. కొన్నేండ్ల శ్రమ ఇట్లు ముగిసెను. నొప్పిని ఆపు మీటను దేవుడు మనచేతికి ఎందుకియ్యలేదో బ్రాండ్ గారు అప్పుడు గ్రహించిరి.

షుగరు రోగుల పాదములు

అమెరికాలో షుగరు రోగుల పాదములను చూచినప్పుడు ఆయన నివ్వెరపోయిరి. అరికాలి ముందుభాగమున అదే గుండ్రని పుండు, అవే వంగిన వ్రేళ్లు, అవే చితికిన ఎముకలు. వేలూరులో తాను చూచిన పాదములే అవి. రక్తము ఆడకపోవుటచే ఆ పాదములు చెడుచున్నవని, నయముచేయుట వ్యర్థమని ఆనాటి వైద్యులనేకులు తలచుచుండిరి. కాని ఆయన తాకిచూడగా వాటిలో చాలపాదములు వెచ్చగానే యుండెను. రక్తము చాలకపోవుట అన్నిటికిని కారణము కాదు. నొప్పి చాలకపోవుట ముఖ్యకారణమని ఆయన చెప్పనారంభించిరి. అట్లాంటా నగరమున షుగరు వైద్యుడొకరు ఈ మాటను మొదట సందేహించి, తన ఆసుపత్రికి వచ్చు ప్రతి రోగియొక్క బూట్లు విప్పించి పాదములు చూచు నియమము పెట్టెను. రోగులు తమకు తెలియకయే తెచ్చిన పుండ్లనేకములు బయటపడెను. ఆ నియమము నడచిన పిమ్మట అచ్చట కాళ్లు తీయవలసిన పని సుమారు సగమునకు తగ్గెను.

షుగరు వ్యాధి నరములను ఎట్లు చెరచునో కొంచెము చెప్పవలెను. రక్తములో చక్కెర చాలకాలము హెచ్చుగా నుండినచో నరమును, నరమును పోషించు సన్నని రక్తనాళములను అది పాడుచేయును. పొడుగాటి నరములు ముందు చెడును గనుక, వ్యాధి కాలివ్రేళ్ల కొనలనుండి మొదలై మేజోడు ఎక్కినట్లు పైకి వచ్చును. కొందరికి మొదట తిమ్మిర్లు, రాత్రులందు అరికాళ్ల మంటలు, సూదులతో పొడిచినట్లుండుట, దూదిమీద నడచినట్లుండుట కలుగును. మరి కొందరికి ఏ గురుతును లేకయే స్పర్శ పోవును. చెమటను నడుపు నరములు చెడగా చర్మము ఎండి పగులును. కండలను నడుపునవి చెడగా వ్రేళ్లు వంగి, అరికాలిలో ఎముకలు పొడుచుకొనివచ్చి, అచ్చట ఆనెకాయ కట్టును. రక్తనాళములు మూసికొనిపోవుటయు ఈ వ్యాధిలో కలదు; పొగత్రాగువారికి అది మరింత హెచ్చు. నరము, నాళము రెండును చెడినవాని కాలికి ఆపద రెట్టింపు.

ఒకసారి చచ్చిన నరమును సంపూర్ణముగా బ్రదికించు మందు లేదు. అయినను చెడకుండ కాచుకొనుటకు మార్గము కలదు. 1993లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక గొప్ప పరిశోధనలో, మొదటి రకము షుగరు వ్యాధి గలవారు రక్తములోని చక్కెరను గట్టిగా అదుపులో నుంచుకొనినప్పుడు నరముల వ్యాధి సుమారు 60 శాతము తగ్గెనని తేలెను. స్పర్శను పరీక్షించుటకు నేడు వైద్యులు వాడు సన్నని నైలాను పోగుయొక్క కొలతను 1986లో కార్విల్ పనివారే స్థిరపరచిరి. 10 గ్రాముల ఒత్తిడికి వంగు ఆ పోగు తాకినను తెలియని పాదము ఆపదలో నున్న పాదము. పరీక్షకు పట్టునది కొద్ది నిమిషములే, నొప్పియు లేదు.

బ్రాండ్ గారు 1986లో కార్విల్ విడిచి సియాటిల్ నగరమున నివసించి, 2003వ సంవత్సరము జులై 8వ తేదీన తమ 88 ఏండ్ల వయస్సున పరమపదించిరి. ఫిలిప్ యాన్సీ గారితో కలిసి దేహమును గూర్చియు నొప్పిని గూర్చియు ఆయన వ్రాసిన పుస్తకములు అనేకులు చదివిరి. మొదటి పుస్తకమునకు పేరు 139వ కీర్తననుండియే తీసికొనిరి.

మనము చేయవలసినది

ప్రియులారా, ఈ జీవితమునుండి మనము నేర్వవలసిన పాఠము ఒక్కటే. నొప్పి మన దేహమునకు కావలివాడు. ఆ కావలివాడు నిద్రించినచోట కన్నును చేయియు కావలికాయవలెను.

షుగరు వ్యాధి గలవారు ప్రతిరాత్రి తమ పాదములను దీపపు వెలుగున చూచుకొనవలెను. అరికాలు కనబడనిచో అద్దము పెట్టుకొనవచ్చును, లేక ఇంటివారిచేత చూపించుకొనవచ్చును. వ్రేళ్లసందులు, మడమ పగుళ్లు, ఎఱ్ఱనైన చోటు, బొబ్బ, ఒకపాదముకంటె మరియొకపాదము వెచ్చగా నుండుట, ఇవి గమనింపవలెను. పాదములు కడిగి వ్రేళ్లసందులు తడిలేకుండ తుడుచుకొనవలెను. పగుళ్లకు నూనె రాయవచ్చును గాని వ్రేళ్లసందులలో రాయరాదు. గోళ్లు తిన్నగా తీయవలెను. ఆనెకాయలను బ్లేడుతో కోసికొనరాదు. పుండునకు సున్నము, ఆకుపసరు పెట్టరాదు. తిమ్మిరిగానున్నదని వేడినీళ్ల కాపడము పెట్టరాదు. ఎన్ని పాదములో ఇట్లు కాలి బొబ్బలెక్కినవి. చెప్పులు బూట్లు తొడుగుటకు ముందు చేయిపెట్టి లోపల గులకరాయి, మేకు ఉన్నదేమో తడిమి చూడవలెను. ఇంటిలో నైనను వట్టికాళ్లతో తిరుగరాదు. పాదమునకు నొప్పిలేని పుండు వచ్చినను, నొప్పిలేకయే పాదము వాచి వేడెక్కినను, ఆనాడే నడక మాని వైద్యుని చూడవలెను. నొప్పిలేదుగదా, వచ్చే వారము చూతమనుటయే కాలిని పోగొట్టు మాట. పుండు లేకపోయినను సంవత్సరమునకు ఒకసారియైన వైద్యునిచేత పాదముల స్పర్శను పరీక్ష చేయించుకొనవలెను.

సంఘపెద్దలకు ఒక మనవి. వాకిట చెప్పులు విడిచి మందిరములో ప్రవేశించుట మన మర్యాద. అది మంచిదే. కాని ఎండకాలమున ఆరాధన ముగియునప్పటికి మెట్లును ముంగిలియు నిప్పువలె కాలును. స్పర్శలేని ముసలితల్లి ఆ రాళ్లమీద నిలిచి అందరిని పలుకరించి ఇంటికి పోవును. మరునాడు అరికాలంతయు బొబ్బలు. అట్టివారు మందిరములో తొడుగుకొనుటకు వేరుగా శుభ్రమైన చెప్పులజత తెచ్చుకొనినచో ఎవరును వింతగా చూడకుండ పెద్దలు ముందుగా ప్రకటించుట మంచిది. మర్యాదయు నిలుచును, పాదమును నిలుచును.

పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము 19వ వచనములో, దేవునికి దూరమైనవారి స్థితిని వర్ణించుచు వాడిన గ్రీకుమాటకు, నొప్పి తెలియుట మానినవారని అర్థము. మొద్దుబారిన మనస్సాక్షికిని మొద్దుబారిన పాదమునకును పోలిక అంత దగ్గర. రెండింటికిని గాయము వెంటనే బాధింపదు. రెండింటికిని మరియొకని కన్ను అవసరము. ఒక అవయవము బాధపడగా తక్కిన అవయవములన్నియు దానితో బాధపడునని కొరింథు సంఘమునకు అదే అపొస్తలుడు నేర్పెను. తన బాధ తనకు తెలియని అవయవము కొరకు తక్కినవి మరింత మెలకువగా నుండవద్దా?

మన ప్రభువు అప్పగింపబడిన రాత్రి తువాలు కట్టుకొని శిష్యుల పాదములను తన చేతులలోనికి తీసికొనెను. ఈ రాత్రి మీ ఇంట కుటుంబ ప్రార్థన ముగిసిన పిమ్మట, షుగరు వ్యాధి గల మీ తండ్రిగారి పాదములయొద్ద, మీ అత్తగారి పాదములయొద్ద దీపముతో కూర్చుండుడి. మనుమలను పిలిచి వ్రేళ్లసందులు చూడుమని చెప్పుడి. వారి కన్నులు మన కన్నులకంటె చురుకైనవి. ఏమియు కనబడకపోయిన యెడల స్తోత్రము చెల్లించి నిద్రించుడి. చిన్న బొబ్బ కనబడిన యెడలను స్తోత్రము చెల్లించి, తెల్లవారగానే వైద్యునియొద్దకు తీసికొని వెళ్లుడి.